నారాయణఖేడ్ పిల్లలకు 'మత మధ్యేమార్గం' నేర్పేది ఎవరు? సోషల్ పాఠంలో ఉన్నవీ, లేనివీ

1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో లేదు. బీదర్ జిల్లాలో ఒక తాలూకాగా ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బీదర్ జిల్లా నుంచి నారాయణఖేడ్ తాలూకానూ, జహీరాబాద్ తాలూకాలో ఎక్కువ భాగాన్నీ, న్యాల్‌కల్ సర్కిల్‌నూ తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. మిగిలిన బీదర్‌లో కొంత మైసూరు రాష్ట్రానికీ, కొంత బొంబాయి రాష్ట్రానికీ పోయింది. గీత మారింది కానీ మనుషులు మారలేదు. ఈరోజుకీ నారాయణఖేడ్ సంతలో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ వినిపిస్తాయి. తండాల నుంచి వచ్చినవాళ్లు తమలో తాము గోర్‌బోలీ మాట్లాడుకుంటారు. ఇక్కడి పిల్లాడికి బడికి రాకముందే నాలుగు భాషలు చెవిన పడి ఉంటాయి. ఎవరి ఇంట్లో నీళ్లు తాగొచ్చో, ఎవరి ఇంట్లో తాగకూడదో కూడా వాడికి అప్పటికే తెలిసి ఉంటుంది.

ఈ రెండో సంగతి గురించి బడి ఏం చెబుతుంది? 'మత సామరస్యం' పేరుతో చెప్పే పాఠం దాన్ని తాకుతుందా, తాకకుండా పక్కనుంచి పోతుందా? ముస్లిం పిల్లలు చదివే బడుల్లో, సోషల్ పాఠం ద్వారా మతంలో మధ్యేమార్గాన్ని నేర్పాలన్న ఆలోచన ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. అది ఎక్కడ పుట్టింది, మన దగ్గర ఏ రూపంలో ఉంది, దళిత బహుజన పిల్లలకు దానితో పనేమిటి అన్నదే ఈ వ్యాసం.

ఒక మాట గురించి

ముందు మాట దగ్గరే చిక్కుంది. ఇంగ్లీషులో చెప్పే దాన్ని 'మత మితవాదం' అని రాస్తే మన పిల్లలకు తప్పుగా అర్థమవుతుంది. సోషల్ పుస్తకంలో మితవాదులంటే గోఖలే, దాదాభాయ్ నౌరోజీ. ఇవాళ్టి రాజకీయ తెలుగులోనేమో మితవాదం అంటే ఎడమకు వ్యతిరేక దిక్కు. ఉర్దూ మీడియం టీచర్లకు ఈ ఇబ్బంది లేదు. వాళ్లకు 'ఎతెదాల్' అనే మాట ఉంది, 'మియానా రవీ' అనే మాట ఉంది. అతికి పోకుండా నడిమి తోవన నడవడం అని అర్థం. అరబీలో 'వసతియ్య' అంటారు. ముస్లిం సముదాయం నడిమి తోవన ఉండే సముదాయం అన్న భావన ఖురాన్ రెండో అధ్యాయంలోనే ఉందని ఉలమాలు చెబుతారు. కాబట్టి ఇది బయటినుంచి తెచ్చి రుద్దింది కాదు. తెలుగులో మనం మధ్యేమార్గం అనుకుందాం. ఆ మాటకు బుద్ధుడి వాసన కూడా ఉంది కనుక మనకు పరాయిది కాదు.

ఇండోనేషియా ఏం చేసింది

ఈ ఆలోచనను ప్రభుత్వ విధానంగా మార్చిన దేశం ఇండోనేషియా. అక్కడ 7 నుంచి 9 తరగతుల దాకా ఉండే ఇస్లామీ మాధ్యమిక బడులను మదరసా సనావియా అంటారు. అవి విద్యాశాఖ కింద కాకుండా మత వ్యవహారాల శాఖ కింద నడుస్తాయి. అయినా లెక్కలు, సైన్సు, సోషల్ మిగతా బడులలాగే చెబుతారు. భూగోళం, చరిత్ర, ఆర్థికం, సమాజం కలిపిన సోషల్ సబ్జెక్టు అక్కడా ఒకటే. 2014 నుంచి 2019 దాకా మత వ్యవహారాల మంత్రిగా ఉన్న లుక్మాన్ హకీమ్ సైఫుద్దీన్ ఈ మధ్యేమార్గ కార్యక్రమాన్ని ముందుకు తెచ్చారు. 2020–2024 జాతీయ అభివృద్ధి ప్రణాళికలో కూడా అది చేరింది. దానికి నాలుగు కొలతలు పెట్టుకున్నారు. దేశ రాజ్యాంగానికి కట్టుబడటం, ఇతరులను సహించడం, హింసను తిరస్కరించడం, స్థానిక సంస్కృతిని కలుపుకుపోవడం.

సోషల్ టీచరే ఎందుకు? మతం టీచరు చెబితే అది ధర్మోపదేశం అవుతుంది. సోషల్ టీచరు చెబితే అదే సంగతి ఊరి సంగతి అవుతుంది. పక్కింటివాళ్ల పండుగ, వలస, సంత, కొట్లాట, ఎన్నిక అన్నీ ఆ పీరియడ్‌లోకే వస్తాయి. ఈ వాదనలో పస ఉంది.

కానీ ఇండోనేషియాలో ముస్లింలు పెద్ద మెజారిటీ. అక్కడ 'సహించండి' అని మెజారిటీ పిల్లలకు చెబుతున్నారు. ఇక్కడ అదే మాట మైనారిటీ పిల్లలకు మాత్రమే చెబితే దాని అర్థం తలకిందులవుతుంది. సహించమని ఎవరికి చెబుతున్నామో చూడకుండా పాఠ్యప్రణాళికను దిగుమతి చేసుకుంటే, దెబ్బలు తిన్నవాడికి శాంతి పాఠం చెప్పినట్టుంటుంది. దళితులకు ఈ అనుభవం కొత్తది కాదు. ఊళ్లో దాడి జరిగిన మర్నాడు శాంతి కమిటీ వేసి, కేసు వెనక్కి తీసుకోమని మన వాడ పెద్దలకే చెప్పడం మనం ఎన్నిసార్లు చూడలేదు!

మన దగ్గర 'ఇస్లామీ బడి' అంటే ఏది?

బయటివాళ్లు ముస్లిం పిల్లల చదువు అనగానే మదర్సా అనుకుంటారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఆ ఊహను లెక్కలతో కొట్టేసింది. బడికి పోతున్న ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేవాళ్లు సుమారు 4 శాతమే. చాలామంది పొద్దున్నే మసీదు దగ్గరి మక్తబ్‌లో ఖురాన్ చదవడం నేర్చుకుని, తర్వాత మామూలు సర్కారు బడికో ప్రైవేటు బడికో పోతారు. మక్తబ్‌నూ మదర్సానూ ఒకటిగా కలిపేయడం వల్లే గందరగోళం వస్తోందని ఆ కమిటీ చెప్పింది. అదే నివేదికలో మరో లెక్క ఉంది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో దాదాపు 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివాళ్లు, లేదా మధ్యలో మానేసినవాళ్లు. మదర్సాలో ఏం చెబుతున్నారని టీవీల్లో గంటల కొద్దీ మాట్లాడేవాళ్లు ఈ 25 శాతం గురించి ఎప్పుడైనా అడిగారా?

నారాయణఖేడ్ లాంటి చోట మాధ్యమిక స్థాయిలో ముస్లిం పిల్లలు ఎక్కువగా చదివే బడులు మూడు రకాలు. ఒకటి ఉర్దూ మీడియం సర్కారు బడి. రెండోది మైనారిటీ గురుకులం. మూడోది విరాళాల మీద నడిచే దీనీ మదర్సా. ప్రైవేటు కాన్వెంట్లు నాలుగోవి, వాటిని ఇక్కడ వదిలేద్దాం.

వీటిలో ఎక్కువ ఆగి చూడాల్సింది గురుకులాన్ని. తెలంగాణ మైనారిటీ గురుకుల విద్యాసంస్థల సొసైటీ 2016–17లో 71 కొత్త బడులు తెరిచింది. మరుసటి ఏడాది ఇంకా తెరిచి, మొత్తం 200 దాటించింది. 5వ తరగతి నుంచి చేరిక, ఇంగ్లీషు మీడియం, ఉర్దూ ఒక భాషగా ఉంటుంది, తిండీ బసా ఉచితం. చాలామంది గమనించనిది సీట్ల నియమం. 75 శాతం సీట్లు మైనారిటీలకు. మిగతా 25 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఇతర పిల్లలకు. అంటే మైనారిటీ గురుకులం అనే పేరున్న బడిలో కాగితం ప్రకారం ప్రతి నాలుగు మంచాల్లో ఒకటి ముస్లిమేతర పిల్లలది. అందులో మాదిగ పిల్లాడు ఉండొచ్చు, లంబాడీ పిల్ల ఉండొచ్చు. వాళ్లు ఒకే మెస్‌లో తింటారు, ఒకే నల్లా దగ్గర ప్లేట్లు కడుగుతారు. ఊళ్లో ఇంకా జరగని పని హాస్టల్లో రోజుకు మూడుపూటలా జరుగుతోంది. మత సామరస్యం గురించి ఇంతకంటే పెద్ద పాఠం ఏ పుస్తకంలో ఉంటుంది? అయితే ఒకే మెస్‌లో తిన్నంత మాత్రాన అంతా అయిపోదు. మనసులోని గోడలు అలాగే ఉండి, చేతులు మాత్రం ఒకే గిన్నెలోకి పోవచ్చు. టీచరుకు పని మొదలయ్యేది అక్కడే.

చట్టం ఏం ఒప్పుకుంటుంది

రాజ్యాంగం 28వ అధికరణం మొదటి క్లాజు సూటిగా ఉంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. మైనారిటీ గురుకులం పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచేదే కాబట్టి ఈ నియమం దానికీ వర్తిస్తుంది. ఎస్సీ గురుకులానికి, బీసీ గురుకులానికి, జిల్లా పరిషత్ హైస్కూలుకు కూడా అంతే వర్తిస్తుంది. సర్కారు బడిలో సరస్వతి పూజ జరిపే హెడ్మాస్టర్లు ఈ అధికరణాన్ని ఒకసారి చదవాలి. అదే అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో మతబోధ జరిగినా, పిల్లాడి తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా దానికి కూర్చోబెట్టకూడదు.

మతబోధ వేరు, మతాల గురించి చెప్పడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే పట్టుకుంది. మతాల గురించి విద్యగా చెప్పడం 28వ అధికరణానికి విరుద్ధం కాదంది. ఆ తీర్పు మీద అప్పుడు అభ్యంతరాలొచ్చాయి. మతాల గురించి చెబుతామన్న పేరుతో ఒకే మతాన్ని చెబుతారేమోనన్న భయం అది. ఆ భయం తీరలేదు. అయినా సోషల్ టీచరుకు ఆ తీర్పు ఒక తలుపు తెరిచింది. నమాజు ఎలా చేయాలో చెప్పకూడదు కానీ, నమాజు చేసేవాళ్లు ఎందుకు చేస్తారో చెప్పొచ్చు.

దీనీ మదర్సాల సంగతి వేరు. 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇస్తుంది. 2012లో చేసిన సవరణ విద్యాహక్కు చట్టం నుంచి మదర్సాలనూ వేద పాఠశాలలనూ బయట ఉంచింది. తెలంగాణలో ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్లలాగా ప్రభుత్వ మదర్సా బోర్డు లేదు. ఇక్కడి పెద్ద మదర్సాలు, 1876లో హైదరాబాద్‌లో మొదలైన జామియా నిజామియా లాంటివి, తమ పాఠ్యక్రమం తామే నడుపుకుంటాయి. మదర్సా పిల్లాడు టెన్త్ సర్టిఫికెట్ కావాలంటే ఓపెన్ స్కూల్ ద్వారా రాయాలి. సోషల్ పుస్తకం అతని చేతికి మొదటిసారి వచ్చేది చాలాసార్లు అప్పుడే, 16 ఏళ్లకో 18 ఏళ్లకో.

ఉత్తరప్రదేశ్ మదర్సా బోర్డు చట్టం కేసులో 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. ఆ చట్టం లౌకికత్వానికి విరుద్ధమని అలహాబాద్ హైకోర్టు మొత్తంగా కొట్టేస్తే, సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కామిల్, ఫాజిల్ డిగ్రీల భాగం మాత్రం తీసేసింది. మదర్సా పిల్లలు సమాజంలో పాల్గొని బతుకు వెళ్లదీసుకునే స్థాయి చదువు అందేలా చూడటం రాష్ట్రం పనే, మైనారిటీల నిర్వహణ హక్కును చెరపకుండా ఆ పని చేయొచ్చు అన్నది దాని సారం.

మరి రాష్ట్రాలూ కేంద్రమూ ఏం చేశాయి? మదర్సాల్లో సైన్సు, లెక్కలు, సోషల్, హిందీ, ఇంగ్లీషు చెప్పే టీచర్లకు గౌరవ వేతనం ఇచ్చే కేంద్ర పథకం ఒకటుండేది. డిగ్రీ చదివినవాళ్లకు నెలకు 6,000 రూపాయలు, పీజీ లేదా బీఎడ్ ఉన్నవాళ్లకు 12,000. ఉపాధి హామీ కూలీతో పోల్చాల్సిన జీతం అది. ఆ పథకానికున్న ఆమోదం 2022 మార్చితో ముగిసింది. మదర్సాలు ఆధునిక చదువు చెప్పడం లేదని ఒక నోటితో అంటూ, ఆ చదువు చెప్పే టీచరు జీతాన్ని ఇంకో చేత్తో ఆపేశారు.

పుస్తకంలో ఏముంది

తెలంగాణ వచ్చాక మన రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ సోషల్ పుస్తకాల్లో ఈ విషయం మీద చెప్పుకోదగ్గ పాఠాలున్నాయి. 7వ తరగతిలో కుల వివక్ష, సమానత్వం కోసం పోరాటాల మీద ఒక పాఠం ఉంది. గ్రామదేవతలు, జానపదుల విశ్వాసాల మీద ఇంకొకటి. దాని తర్వాత భక్తి, సూఫీ మార్గాలు. 8వ తరగతిలో హైదరాబాద్ రాజ్యంలో స్వాతంత్ర్యోద్యమం, సామాజిక మత సంస్కరణోద్యమాలు, లౌకికత్వం అంటే ఏమిటి అనే పాఠాలు ఉన్నాయి. వీటిని రాసినవాళ్లు జాగ్రత్తగానే రాశారు. పోచమ్మ, మైసమ్మ పాఠ్యపుస్తకంలోకి రావడం చిన్న సంగతి కాదు. మన అవ్వల దేవతలు అంతకుముందు బడి గడప తొక్కలేదు.

చిక్కు ఎక్కడంటే, ఈ పాఠాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. కులం ఒక పాఠం, మతం ఇంకో పాఠం, రాజ్యాంగం మరో పాఠం. కులం గురించి చెప్పేటప్పుడు అది హిందువుల వ్యవహారం అన్నట్టు ముగుస్తుంది. ఇస్లాం గురించి చెప్పేటప్పుడు సమానత్వం అని చెప్పి ముగుస్తుంది. ముస్లిం పిల్లాడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు, దళిత పిల్లాడు తలదించుకుంటాడు. ఇద్దరికీ సగం నిజమే అందుతుంది.

నిజం ఏమిటంటే ముస్లింలలోనూ బిరాదరీలున్నాయి. మసీదు వరసలో భుజం భుజం కలిపి నిలబడ్డవాళ్లు పెళ్లి దగ్గర విడిపోతారు. సయ్యద్, పఠాన్ ఇంటి పిల్లను దూదేకుల ఇంటికో, ఫకీర్ ఇంటికో, మెహతర్ ఇంటికో ఇవ్వరు. దూదేకుల బీసీ–బి జాబితాలో ఉన్నారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, హజామ్‌లు, ఖురేషీలు, సిద్దీలు లాంటి 14 సమూహాలకు బీసీ–ఇ కింద 4 శాతం ఇచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్‌లను అందులోంచి బయట ఉంచింది. అంటే ముస్లింలలో కులం ఉందని ప్రభుత్వ గెజిట్ ఒప్పుకుంది, సోషల్ పుస్తకం ఇంకా ఒప్పుకోలేదు. పస్మాందా ఉద్యమం అడుగుతున్నది ఇదే.

ఇంకా లోతుకు పోతే 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా వస్తుంది. హిందువు కానివాడు ఎస్సీ కాడని మొదట రాశారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లిం, క్రైస్తవ దళితులు నేటికీ బయటే. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో మరో కమిషన్ వేసి గడువు పెంచుతూ పోయింది. మతం మారితే అంటరానితనం పోతుందా అన్న ప్రశ్నను 9వ తరగతి పిల్లలు చర్చించలేరా? చర్చించగలరు. 15, 17, 25 అధికరణాలను పక్కపక్కన పెట్టి చదివితే చాలు. మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం, ఈ భాగంలోని మిగతా హక్కులకు లోబడి అనే మాటతోనే మొదలవుతుంది. మధ్యేమార్గానికి అంతకంటే మంచి నిర్వచనం ఏ ప్రణాళికా పత్రంలోనూ లేదు.

పక్కనే ఉన్న పాఠాలు

నారాయణఖేడ్ టీచరుకు ఒక అదృష్టముంది. ఉదాహరణల కోసం ఢిల్లీ, ఆగ్రా పోనక్కర్లేదు. పాత జిల్లా కేంద్రం బీదర్ పక్కనే ఉంది. అక్కడ బహమనీల మంత్రి మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా శిథిలంగా అయినా నిలబడి ఉంది. ఇరాన్ నుంచి వచ్చినవాడు, గ్రంథాలయం, గదులు, పండితులు ఉన్న పెద్ద విద్యాలయం పెట్టాడు. ఆస్థానంలో దక్కనీలకూ విదేశాల నుంచి వచ్చిన అఫాకీలకూ మధ్య కక్షలు ముదిరి 1481లో అతని తల తీయించారు. ముస్లిం పాలకులంతా ఒకటే అనే కథకు ఈ ఒక్క చావు చాలు, జవాబు చెప్పడానికి.

బీదర్ పక్కన అష్టూర్‌లో అహ్మద్ షా వలీ బహమనీ సమాధి ఉంది. ముస్లింలకు ఆయన వలీ. లింగాయతులు ఆయనను అల్లమప్రభు రూపంగా కొలుస్తారు. హోలీ తర్వాత జరిగే ఉర్సులో జంగమ గురువుకు ముఖ్య స్థానం ఉంటుంది. అదే పట్నంలో సిక్కుల గురునానక్ ఝీరా ఉంది. 1699లో గురు గోవింద్ సింగ్ పిలిస్తే తల ఇవ్వడానికి లేచిన అయిదుగురిలో ఒకరైన భాయ్ సాహిబ్ సింగ్ బీదర్ మంగలి కులస్తుడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. ఇంకొంచెం పడమటికి పోతే బసవకల్యాణం. 12వ శతాబ్దంలో చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ బ్రాహ్మణ మధువరసు కూతురికీ శరణులు పెళ్లి చేసిన చోటు. ఆ పెళ్లికి శిక్షగా ఇద్దరు తండ్రులనూ చంపించారని శరణుల చరిత్ర. మతం పేరుతో జరిగిన హింస అంటే పిల్లలకు వెంటనే హిందూ ముస్లిం గొడవ గుర్తొస్తుంది. కులం దాటి పెళ్లి చేసినందుకు జరిగిన హింస దానికంటే పాతదని కల్యాణం చెబుతుంది. మిర్యాలగూడలో 2018లో జరిగిన ప్రణయ్ హత్య గుర్తున్న తెలంగాణ పిల్లలకు అది ఎనిమిది వందల ఏళ్ల కిందటి కథలా అనిపించదు.

ఊళ్లోనే ఇంకో పాఠం ఉంది. పీర్ల పండుగ. సోషల్ ప్రాజెక్టుగా పిల్లలకు ఇవ్వాల్సిన పని ఇదే. పీరును ఎవరు ఎత్తుతారు? గుండం ఎవరు తవ్వుతారు? డప్పు ఎవరు కొడతారు? కుడుకలు, మలీదా ఎవరింటి నుంచి వస్తాయి? ఈ నాలుగు ప్రశ్నలతో ఊరు తిరిగి వస్తే తెలుస్తుంది, ఒకే పండుగలో సామరస్యమూ ఉంది, కులాల పనివిభజనా ఉంది అని. మసీదు పెద్ద కొత్తగా పీర్లు ఇస్లాం కాదంటాడు, ఇంకోవైపు కొత్త యువసేన అది మన పండుగ కాదంటుంది. రెండు వైపుల నుంచీ వచ్చే ఈ ఒత్తిడిలో నలిగేది డప్పు కొట్టే మనిషీ, పీరు ఎత్తే మనిషీ. ఈ సంగతి పిల్లలు తమంతట తామే రాసుకురావాలి, టీచరు చెప్పకూడదు.

సెప్టెంబరు 17 పీరియడ్

సోషల్ టీచరు అన్నిటికంటే ఎక్కువ తడబడేది ఈ తేదీ దగ్గర. 2022లో ఒకే రోజున హైదరాబాద్‌లో రెండు వేడుకలు జరిగాయి. రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది, కేంద్రం విమోచన దినం అంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. పేరు దగ్గరే ఇంత తగువు ఉంటే, 75 మంది ముస్లిం పిల్లలూ 25 మంది ఇతరులూ ఉన్న బడిలో టీచరు ఏం చెప్పాలి?

జరిగినదంతా చెప్పాలి. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు, చంపారు, దోచారు. అది చెప్పాలి. వాళ్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపారు. ఆయన ముస్లిం. విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన షేక్ బందగీ ముస్లిం రైతు. ఆ దేశ్‌ముఖ్ హిందువు. నిజాం పాలన కింద వెట్టి చేయించుకున్న దొరల్లో ఎక్కువమంది హిందువులే. ఇవన్నీ చెప్పాలి.

తర్వాతిదీ చెప్పాలి. సైనిక చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను చూడటానికి నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లతో బృందాన్ని పంపింది. 1948 నవంబరు చివర, డిసెంబరులో వాళ్లు తిరిగారు. చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా వేశారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నవిగా నాలుగు జిల్లాలను చెప్పారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్, బీదర్. అప్పటి బీదర్ అంటే అందులో నారాయణఖేడ్ తాలూకా కూడా ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను దాచిన హిందువుల గురించీ ఆ నివేదికలో ఉంది. దశాబ్దాల పాటు దాన్ని బయటికి రానివ్వలేదు. ఈ ప్రాంతపు ముస్లిం ఇళ్లలో ముసలివాళ్లు 'పోలీస్ యాక్షన్' అని గొంతు తగ్గించి అనే మాట వెనుక ఉన్నది అది. మనవడు బడిలో విమోచన అని వింటాడు, ఇంట్లో ఆ గుసగుస వింటాడు. రెండింటినీ కలిపి మాట్లాడే చోటు సోషల్ పీరియడ్ తప్ప అతనికి ఇంకెక్కడుంది? అక్కడా దొరక్కపోతే ఫోన్లో దొరుకుతుంది, ఎవరో వండి పంపిన రూపంలో.

దళితుల కథ ఈ రెండు కథల్లోనూ ఇమడదు. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాద్‌లో అంటరాని పిల్లలకు తెలుగులో బడులు పెట్టాడు, ఆ తర్వాత వాటిని నిజాం ప్రభుత్వం తీసుకుంది. బి.ఎస్. వెంకట్రావు నిజాం చివరి మంత్రివర్గంలో ఉన్నారు. 1930, 40లలో ఒకవైపు బహదూర్ యార్ జంగ్ తబ్లీగ్, ఇంకోవైపు ఆర్యసమాజం శుద్ధి, రెండూ దళిత వాడల్లో తలలు లెక్కపెట్టుకున్నాయి. వాడలు మాత్రం ఊరికి బయటే ఉండిపోయాయి. మైనారిటీ గురుకులంలో ఆ 25 శాతంలో కూర్చున్న పిల్ల ఈ చరిత్ర విన్న రోజున తాను అక్కడ అతిథి కాదని తెలుసుకుంటుంది.

టీచరు చేతిలో ఉన్నది

ఒక సోషల్ టీచరు దీన్ని రేపే మొదలుపెట్టాలంటే కొత్త జీవో అక్కర్లేదు. ప్రాజెక్టు పనులు ఇప్పటికే ఉన్నాయి. పెద్దవాళ్ల నుంచి మౌఖిక చరిత్ర సేకరించమనొచ్చు. అయితే ఒక జాగ్రత్త. 1948 గురించి ఇంట్లో అడగమని పిల్లలను పంపేముందు టీచరు తల్లిదండ్రులతో మాట్లాడాలి. పాత గాయం గురించి తొమ్మిదో తరగతి పిల్ల ఒక్కతే అడిగితే ఇంట్లో ఏం జరుగుతుందో మనకు తెలియదు. పేర్లు రాయొద్దు. తీసుకొచ్చినవాటిని గోడకు అంటించొద్దు. కులం, బిరాదరీ గురించి అడిగేటప్పుడు 'నీది ఏ కులం' అని క్లాసులో ఎవరినీ నిలబెట్టొద్దు. ఊరి గురించి అడగాలి, పిల్లాడి గురించి కాదు.

ఇంకో సంగతి, టీచర్లది. మైనారిటీ గురుకులాల్లో పనిచేసే సోషల్ టీచర్లలో అన్ని మతాలవాళ్లూ, కులాలవాళ్లూ ఉంటారు. ముస్లిమేతర టీచరు ఇస్లాం గురించి మాట్లాడటానికి జంకుతాడు, ముస్లిం టీచరు కులం గురించి మాట్లాడటానికి జంకుతాడు. ఇద్దరూ జంకినప్పుడు పాఠం ప్రశ్నలు–జవాబులుగా డిక్టేట్ అయిపోతుంది. 'లౌకికత్వం అనగానేమి' అన్న ప్రశ్నకు నాలుగు పాయింట్లు. ఈ జంకు పోగొట్టడానికి శిక్షణ ఇవ్వాల్సింది సొసైటీ. ఎస్సీ గురుకులాల టీచర్లనూ మైనారిటీ గురుకులాల టీచర్లనూ ఒకే శిక్షణలో కూర్చోబెడితే సగం పని అక్కడే అవుతుంది. ఒకరు కులం గురించి తెలిసినవాళ్లు, ఇంకొకరు మైనారిటీగా బతకడం అంటే తెలిసినవాళ్లు.

ఇక మదర్సాలు. వాటికి ఆదేశాలు పంపడం కంటే, ఓపెన్ స్కూల్ టెన్త్ రాసే పిల్లలకు ఉర్దూలో సోషల్ పుస్తకం సమయానికి అందేలా చూడటం ముందు పని. 2017లో తెలంగాణ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసుకుంది. ఉర్దూలో చదువుకున్న హాఫిజ్ కుర్రాడు 8వ తరగతి సోషల్ పుస్తకంలో షోయబుల్లాఖాన్ కాలపు హైదరాబాద్ గురించి తన భాషలో చదివి, దాని పక్కనే 17వ అధికరణం చదివి, పరీక్ష రాసి, ఊరికి తిరిగి వచ్చి మక్తబ్‌లో చిన్నపిల్లలకు చదువు చెబుతాడు. పొద్దున ఆరుకు మక్తబ్, తొమ్మిదికి సర్కారు బడి. ఆ పిల్లలకు ఇద్దరు టీచర్లు, ఒకే ఊరు.